సుగుణమ్మ ఎడమ మోకాలు

నీళ్ల గ్లాసు నోటిదాకా రావడం లేదు. ఛాతీ వరకు వచ్చి, భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు అక్కడే ఆగిపోతోంది. గంగమణి అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించలేదు. గ్లాసు ఎడమచేతికి మార్చుకుని తాగింది, సగం నీళ్లు పైట మీద పడ్డాయి. పడనీ. ఈ ఎండకు క్షణంలో ఆరిపోతాయి. కామారెడ్డి కాలేజీ మైదానంలో వేసిన షామియానా పేరుకే నీడ, గుడ్డలోంచి ఎండ కారుతూనే ఉంది, మైకులో ఎవరో చెంచా నిమ్మకాయ పందేనికి పేర్లు పిలుస్తున్నారు, ఆ పేర్ల మధ్యలోనే ఇందాక తన పేరూ పిలిచారు, నలభై ఐదేళ్లు దాటిన మహిళా ఉద్యోగుల టెన్నికాయిట్ ఫైనల్ భోజనాల తర్వాత జరుగుతుంది, ఎల్లారెడ్డి నుంచి గంగమణి టీచర్, కామారెడ్డి నుంచి సుగుణమ్మ మేడం. రెండు పేర్లు ఒకే ఊపిరిలో. తొమ్మిదేళ్లుగా గంగమణి లోపల ఆ రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి గానీ, బయట ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు. అందరూ భోజనాలకు లేచారు. ఆమె లేవలేదు. తింటే వంగలేదు. వంగకపోతే కాళ్ల దగ్గర పడేట్టు సుగుణమ్మ విసిరే రబ్బరు రింగును అందుకోలేదు.

"ఏమన్న తిను అక్కా, రెండు ముద్దలన్న," అంటూ రాబియా వచ్చి పక్కన కూర్చుంది. ఎల్లారెడ్డిలో ఇద్దరిదీ ఒకటే బడి. గంగమణి తెలుగు పిల్లలకు చెబుతుంది, రాబియా ఉర్దూ పిల్లలకు. అడక్కుండానే రాబియా చెయ్యి గంగమణి భుజం మీదికి వెళ్లి, బొటనవేలితో నొప్పి ఎక్కడుందో వెతకసాగింది.

"ఆడనేనా?"

"ఆడనే. ఇంకింత లోపట."

ఎంత లోపల? రాబియా వేలికి అందనంత లోపల. దసరా సెలవులయ్యాక మొదలైంది ఇది. బడి వదిలి పిల్లలు వెళ్లిపోయాక, రెండు వెదురు బొంగులు పాతి, చిరిగిన వాలీబాల్ వల కట్టి, ఆటసామాను పెట్టెలోంచి ఎర్ర రబ్బరు రింగు తీసి, ఇద్దరు ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. రింగు గాలిలో తిరుగుతూ వస్తుంది, ఒక్క చేత్తో పట్టాలి, పట్టిన చోటునుంచే వెంటనే విసరాలి. ఇంతే ఆట. పదేళ్ల పిల్లలు నవ్వుకుంటూ ఆడేస్తారు. గంగమణికి మొదటి రింగు దవడకు తగిలింది, రెండోది దండలాగా మెడలో పడింది, మూడోది పట్టింది గానీ పట్టిన వేళ్లు పొద్దుపోయేసరికి వాచాయి. మర్నాడు జుట్టు దువ్వుకుందామంటే చెయ్యి చెవి దాటి పైకి పోలేదు. ఆమె భర్త రాజలింగు సొసైటీ ఆఫీసుకు తయారవుతున్నవాడు ఆగి, నవ్వి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకుని దువ్వెన అందుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆమెకు జడ వేశాడు, మోట తాడు పేనినట్టు గట్టిగా. "గిప్పుడేం ఆటలే నీకు? గీ ఈడుల!" అన్నాడు. "షుగరు రావద్దని," అంది. అబద్ధం. షుగరు వస్తే రానీ, బీపీ వస్తే రానీ. జూన్ నెల రాకముందు ఒక్కసారి, ఒక్కసారి ఆ మనిషికి ఎదురుగా నిలబడాలి. జూన్‌లో సుగుణమ్మ రిటైరవుతుంది. రిటైరై ఏ కొడుకు దగ్గరికో, ఏ పట్నానికో పోతుంది, ఈ ఆటలో ఆరేళ్లుగా వరసగా గెలిచిన షీల్డులన్నీ గోడకు పెట్టుకుని, ఓడిపోవడమంటే ఏమిటో ఎరగకుండానే ముసలిదైపోతుంది. అది జరగకూడదు.

ఒంట్లో ఇన్ని కీళ్లున్నాయని గంగమణికి ఆ చలికాలంలోనే తెలిసింది. ఒక్కొక్కటీ తన పేరు తాను చెప్పుకుంటూ నిద్ర లేచింది. భుజం, మణికట్టు, నడుము, తర్వాత మోకాళ్లు, ముందు కుడిది, దాని బరువంతా మోసి మోసి ఎడమది. నల్లబల్ల మీద పై సగం రాయడం మానేసింది. పిల్లలు మెడలు సాచి కింది సగంలో చదువుకునేవారు. దొడ్లో కూర్చుని లేవాలంటే గోడకు చెయ్యి ఆనించి, లోపలే పళ్లు కొరుక్కుని, ఒక్క ఊపున లేవాలి. చింతాకు ఉడకేసి కాపడం పెట్టుకుంది, వావిలాకు నీళ్లతో స్నానం చేసింది, రాబియా తెచ్చిన ఏదో ఘాటు తైలం రాసుకుంటే క్లాసంతా తుమ్మింది. ఎల్లారెడ్డి డాక్టరు మోకాలు పట్టి ఆడించి, లోపల గరగరమనే చప్పుడు ఆమెకే వినిపిస్తుండగా, "గుజ్జు అరుగుతున్నదమ్మా, గిప్పటిసంది ఎగురుడు దుంకుడు బంద్ చెయ్యాలె," అన్నాడు. సరేనంది. ఆ సాయంత్రం ఇంకో గంట ఎక్కువ ఆడింది. రాబియా రొప్పుతూ వల పట్టుకుని, "అరే, పానం పోతదక్కా, ఎవలి కోసం గింత?" అనడిగింది. అప్పుడు చెప్పింది. వలకు అటూ ఇటూ నిలబడి, మొదటిసారి ఇంకొకరికి చెప్పింది. రాబియా రింగు తీసుకుని, కావాలనే కాళ్ల దగ్గరికి, పట్టుకోలేనంత కిందికి విసిరింది. "గిట్లనే ఏస్తదట ఆమె. పట్టు," అంది. అప్పట్నుంచి నొప్పి పుట్టినప్పుడల్లా గంగమణి సుగుణమ్మ ముఖం తలుచుకునేది, ఆ తెల్లటి ఇస్త్రీ చీర, ఆ కళ్లజోడు, అద్దాల మీదుగా చూసే ఆ చూపు. నొప్పి తగ్గేది కాదు. కానీ దానికొక పని దొరికేది.

ఇదే భుజం అవ్వకు, కన్నతల్లికి కూడా. ఇదే చోటు. రాజంపేటలో గుమ్మం దగ్గర వెలుతురుకు కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడ వంచి బీడీలు చేసి చేసి రాములవ్వకు కుడి రెక్క పట్టేసేది. "జర తొక్కు బిడ్డా," అని బోర్లా పడుకునేది. చిన్న గంగమణి గోడ పట్టుకుని, అవ్వ వీపు మీద ఒక్కో పాదం జాగ్రత్తగా పెట్టి తొక్కేది. కాళ్ల కింద ఎముకలు కదిలేవి. అవ్వ ఒంటికి తంబాకు వాసన. ఆ బీడీలతోనే గంగమణి చదువు, టీచరు ట్రైనింగు, ఉద్యోగంలో చేరిన రోజు కట్టుకున్న ఆ నీలం చీర. అవ్వకు ఆ నొప్పి ఎంత పెద్దదో గంగమణికి ఇప్పుడే, ఈ ఎర్ర రింగు పట్టుకున్నాకే తెలిసింది. తెలిసిందని చెప్పుకోవడానికి అవ్వ లేదు. చివరిసారి చూడటానికి కూడా లేకుండా చేసింది ఎవరు?

ఆ రోజు బడికి ఇన్‌స్పెక్షన్. కామారెడ్డి బడి, సుగుణమ్మ హెడ్మాస్టరమ్మ. గోడలకు సున్నం, గేటుకు మామిడాకులు, అధికారి ముందు చెప్పే పాఠం గంగమణిదే, ఎందుకంటే ఆమె క్లాసే బాగుంటుందని సుగుణమ్మే ఎంచింది. ప్రార్థన అవుతుండగా రాజంపేట నుంచి తమ్ముడు ఆశన్న వచ్చాడు. అక్క కంటే ముందు హెడ్మాస్టరమ్మ గదికి పోయాడు, పద్ధతి తెలిసినవాడు కనుక. అవ్వకు పానం బాగలేదు, అక్కను తోలియ్యిండ్రి, అక్కనే అడుగుతున్నది అన్నాడు. నువ్వు పోయి మీ అవ్వ కాడ ఉండు, నేను తోలిస్త అంది సుగుణమ్మ. వాడు నమ్మి పోయాడు. అటు వాడు బస్సెక్కాడు, ఇటు గంగమణి నవ్వు ముఖంతో పాఠం చెప్పింది. పిల్లల చేత పాట పాడించింది. అధికారి మెచ్చుకున్నాడు. భోజనాలయ్యాయి, ఫోటో తీశారు, అందులో సుగుణమ్మ పక్కనే గంగమణి నవ్వుతూ ఉంటుంది. జీపు గేటు దాటాక, సాయంత్రం, సుగుణమ్మ పిలిచి, ఏదో మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు చెప్పింది, మీ తమ్ముడు వచ్చి పోయిండు, మీ అమ్మకు బాగలేదట. ఎప్పుడొచ్చిండు మేడం? పొద్దుగాల. పొద్దుగాల! చెప్పులు చేతిలో పట్టుకుని బస్టాండు దాకా ఉరికింది గంగమణి. అప్పుడు మోకాళ్లకు నొప్పంటే ఏమిటో తెలియదు, అప్పుడు ఉరకగలిగింది, ఉరికి లాభం లేకపోయింది. వాకిట్లో అప్పటికే జనం. పక్కింటి భూమక్క ఎదురొచ్చి, "మధ్యాహ్నం దాక నీ పేరే తీసిందమ్మా, తలుపు దిక్కే సూసుకుంట," అంది.

దినాలయ్యాక బడికి వెళ్లి స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగింది, ఎందుకు చెప్పలే మేడం అని. సుగుణమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చెప్తే పాఠం ఎవరు చెప్తరు? నువ్వేమన్న డాక్టరువా, పోయి బతికిస్తుంటివా?" అంది. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ఎండాకాలం సెలవుల్లో గంగమణికి ఎల్లారెడ్డి బదిలీ వచ్చింది, సుగుణమ్మకు బడిని బాగా నడిపినందుకు శాలువా కప్పారు. తొమ్మిదేళ్లు. లింగంపేట, తాడ్వాయి మీదుగా ఆ బస్సులో ఎప్పుడు కామారెడ్డి వచ్చినా ఆ బడి గేటు వైపు చూడకుండా తల తిప్పుకునేది. ఈ పొద్దున తిప్పుకోలేదు. మెడ పట్టేసి తిప్పుకోలేకపోయింది, అదీ నిజమే, కానీ తిరిగినా తిప్పుకునేది కాదు. నువ్వేమన్న డాక్టరువా. ఆ మాట మీద ఇన్నేళ్లు పడుకుంది, ఆ మాట మీదే లేచింది.

"అగో, సూడు," అంది రాబియా మెల్లగా.

భోజనం చేసి సుగుణమ్మ చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోతోంది. అవే ఇస్త్రీ మడతలు, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు, చుట్టూ నలుగురు టీచర్లు నవ్వుతూ. నల్లాకు ముందు నీళ్లు పారే చిన్న కాలువ ఉంది, పిల్లలు ఒక్క అంగలో దాటేది. సుగుణమ్మ దాని ముందు ఆగింది. మాట్లాడుతూనే ఆగింది, ఏదో చెప్పడానికి ఆగినట్టు. తర్వాత కుడికాలు ముందు వేసి, ఎడమ తొడ మీద అరచెయ్యి ఆనించి, ఎడమకాలిని వెనకాలే లాక్కుంది. ముఖంలో ఏమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లెవరికీ ఏమీ కనబడలేదు. గంగమణికి కనబడింది. ఆ ఆగడం ఆమెకు తెలుసు, మాటల్లో పెట్టి ఆగడం, చెయ్యి యథాలాపంగా తొడ మీదికి పోవడం, కాలును ఎత్తకుండా లాక్కోవడం. మూడు నెలలుగా తను ఇంటి గడప దాటుతున్న తీరే అది. ఎడమ మోకాలు.

పిలిచారు. లేచేటప్పుడు నడుము ముక్కలైనట్టయింది, అవనీ. పెద్దవాళ్ల గ్రూపు కాబట్టి ఒకటే గేమ్, ఇరవై ఒక్క పాయింట్లు. వల దగ్గర సుగుణమ్మ కళ్లజోడు తాడు సరిచేసుకుని, "ఏం గంగమణీ, నువ్వు ఆటలెప్పటి నుంచి?" అంది పాత టీచరును పలకరించినట్టు. "కొత్తగ నేర్చుకున్న మేడం," అంది గంగమణి. మొదట సుగుణమ్మ రింగులు కాళ్ల దగ్గర పాముల్లా పడ్డాయి. వంగిన ప్రతిసారీ నడుములో నిప్పు. నాలుగు పోయాయి, ఇంకో మూడు పోయాయి, షామియానా కిందనుంచి చప్పట్లు సుగుణమ్మకే. గంగమణి తొందరపడలేదు. ఒక రింగు ఎడమ మూలకు, దూరంగా. సుగుణమ్మ పోయి పట్టింది. మళ్లీ అక్కడికే. మళ్లీ పట్టింది. మూడోది వలకు ఆనుకుని, ఎడమ పక్కకే, మెత్తగా జారవిడిచింది. సుగుణమ్మ ముందుకు వచ్చి ఆ కాలి మీద ఆగాల్సి వచ్చింది, ఆగలేకపోయింది. చోటు దొరికింది. ఇంక ఆ చోటు వదల్లేదు. దూరం, దూరం, దగ్గర. దూరం, దగ్గర. భుజంలో మేకు తిరుగుతోంది, తిరగనీ, అవ్వ ఈ రెక్కతోనే ఎన్ని లక్షల బీడీలు చుట్టిందో. తలుపు దిక్కే సూసుకుంట. దగ్గర. నువ్వేమన్న డాక్టరువా. దూరం. కాదు మేడం, డాక్టర్ని కాదు, కానీ మీ మోకాలు ఎక్కడ ఎట్లా నొస్తుందో డాక్టరు కన్నా నాకే బాగా తెలుసు. దగ్గర. సుగుణమ్మ పెదవులు తెల్లబడ్డాయి. చప్పట్లు తగ్గి, మైదానంలో గుసగుసలు మొదలయ్యాయి.

పాయింట్లు సమానమై, గంగమణివి దాటిపోయాక, వల దగ్గర పడిన ఒక రింగు కోసం వచ్చి సుగుణమ్మ పడిపోయింది. పక్కకు ఒరిగి, చెయ్యి నేల మీద ఆనించి, మోకాలు పట్టుకుని. కళ్లజోడు మట్టిలో పడింది. అంపైరు పరుగెత్తుకొచ్చి, "మేడం ఆడలేకపోతే ఆపేస్తం, గెలుపు గంగమణి టీచర్‌దే," అన్నాడు. గీత బయటనుంచి రాబియా, "బస్, అక్కా. ఇడ్సిపెట్టు. పాపం," అంది. రాబియా గొంతులో తన నొప్పిని తడిమినప్పటి మెత్తదనమే ఉంది, అదే గంగమణికి కోపం తెప్పించింది. పాపమా? ఆపేస్తే ఏమవుతుంది, సుగుణమ్మ ఓడిపోలేదు, కాలు నొచ్చి ఆగిపోయింది అంటారు. జీవితమంతా అట్లాగే చెప్పుకుంటుంది.

"లేవనియ్యిండ్రి," అంది గంగమణి. "జర నిమ్మళంగనే లేవనియ్యిండ్రి. నిలవడి ఆడాలె."

సుగుణమ్మ తలెత్తి చూసింది. అద్దాలు లేని కళ్లు చిన్నగా, ముసలిగా ఉన్నాయి. అప్పుడు అర్థమైందేమో ఆమెకు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది, చీర దులుపుకుంది, కళ్లజోడు పెట్టుకుని వచ్చి నిలబడింది. ఇంకా ఆమెలో ఉంది, ఆ మొండితనం, అది మాత్రం ఒప్పుకోవాలి. మిగిలిన పాయింట్లు గంగమణి ఒక్కటి కూడా వదలకుండా ఆ ఎడమ మోకాలి దగ్గరే వేసింది, చివరిది కూడా.

ఆట అయిపోయాక వల దగ్గర సుగుణమ్మ చెయ్యి చాపింది. గంగమణి పట్టుకోలేదు.

"మోకాలి సంగతి నీకెట్ల ఎర్కైంది? ఇంట్ల గూడ చెప్పలే నేను."

"నాకూ గదే మోకాలు."

సుగుణమ్మ చాపిన చేతిని వల మీద పెట్టుకుంది. తొమ్మిదేళ్లుగా తయారుచేసుకున్న మాటలు, ఒక్కో ఏడూ ఒక్కోలా దిద్దుకున్న మాటలు, ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇదే: "మా తమ్ముడు పొద్దుగాల వచ్చిండు. ఎందుకు చెప్పలే నువ్వు?"

నువ్వు అంది. జీవితంలో మొదటిసారి. దగ్గర్లో ఉన్న అంపైరు వేరే దిక్కు చూశాడు.

"వచ్చిండు," అంది సుగుణమ్మ. "చెప్పులు గుమ్మం బయట ఇడిసి లోపటికొచ్చిండు. నాకు అంతా యాదికుంది. రెండుసార్లు నీ క్లాసు కిటికీ దాక వచ్చిన, ఇన్‌స్పెక్షన్ సారు నీ పాఠం చూస్తున్నడు. బడికి పేరు రావాలని చెప్పలే. తర్వాత నువ్వడిగితే, అందరి ముందర తప్పైందని అనలేక గట్లన్న." వల మీది చెయ్యి తీసుకుని, "తప్పే అది," అంది.

ఈ మాట వస్తే లోపల ఏదో చల్లబడుతుందని గంగమణి ఎన్నోసార్లు అనుకుంది. చల్లబడలేదు. కిటికీ దాకా వచ్చిందట. రెండుసార్లు. ఇంకో నాలుగడుగులు వేస్తే అవ్వ చేతిలో చెయ్యి పెట్టి ఉండేది కదా తను. తప్పే అది అనడానికి ఇంత సేపు కూడా పట్టలేదే, దానికి తొమ్మిదేళ్లా? ఏడుపు వచ్చినట్టే వచ్చి, నడుములో మెలిపెట్టిన నొప్పిలో కలిసిపోయింది. నిలబడలేకపోయింది. గీత పక్కన రెండే కుర్చీలున్నాయి, ఒకదాంట్లో ఆమె కూలబడింది, రెండో దాంట్లో సుగుణమ్మ, ఎడమకాలు చాపుకుని. ఎవరో తువ్వాలలో మంచుముక్కలు చుట్టి ఇద్దరికీ ఒక్కోటి ఇచ్చి పోయారు. పక్కపక్కన, మోకాళ్ల మీద తువ్వాళ్లతో, ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. మంచు కరిగి రెండు చీరలూ తడిశాయి. ఒకసారి సుగుణమ్మ పళ్ల సందున గాలి పీల్చింది. ఆ నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకిందో గంగమణికి తెలిసింది, తెలియకపోతే బాగుండుననిపించింది.

మైకులో పేర్లు పిలిచారు. ముందు విజేత. ఇద్దరూ కుర్చీ చేతుల మీద బలం పెట్టారు, లేవడం ఇద్దరి వల్లా కాలేదు. రాబియా గబగబా వచ్చింది. అలవాటు కొద్దీ, ఎవరొచ్చినా తనను లేపడానికే వచ్చారన్న హెడ్మాస్టరమ్మ అలవాటు కొద్దీ, సుగుణమ్మ చెయ్యి పైకెత్తింది. రాబియా ఆ చేతిని పట్టుకోబోయింది.

"ముందుగాల నన్ను లేపు, రాబియా," అంది గంగమణి. "ఆమెను కూసొని సూడనియ్యి."

రాబియా ఒక్క క్షణం ఇద్దరి వైపూ చూసి, గంగమణి చంక కింద చెయ్యి వేసి లేపింది. కుంటకుండా నడిచింది గంగమణి. వేదిక మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకూ ఒక్కో కాలే వేసింది, రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద ఆనించలేదు, మోకాలు లోపల గాజుపెంకులు తొక్కినట్టు కరకరమంటున్నా ఆగలేదు. కింద చప్పట్లు కొడుతున్నారు. అందులో సుగుణమ్మ చేతులున్నాయో లేవో వెనక్కి తిరిగి చూడలేదు. చూడవలసింది తను కాదు.